ఫోన్ మాట్లాడుతుంది సరే, బస్సు సంగతేంటి?

హన్మకొండ బస్టాండ్‌లో ములుగు బస్సు కోసం ఎదురుచూస్తున్న చూపు లేని డిగ్రీ విద్యార్థిని ఒకరు ఉన్నారనుకుందాం. ఒక చేతిలో తెల్లకర్ర, ఇంకో చేతిలో పది వేల లోపు స్మార్ట్‌ఫోన్, ఒక చెవిలో మాత్రమే ఇయర్‌ఫోన్. రెండో చెవి చుట్టూ జరుగుతున్నది వినడానికి ఖాళీగా ఉండాలి. ఆ ఫోన్ వాట్సాప్ మెసేజ్ చదివి వినిపిస్తుంది, టైమ్ చెబుతుంది, ఖాతాలో పైసలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. కానీ ఎదురుగా వచ్చి ఆగిన బస్సు ములుగుదా, నర్సంపేటదా, పరకాలదా అంటే మాత్రం చెప్పలేదు. "అన్నా, ఇది ఎక్కడికి పోయే బస్సు?" అని పక్కవాళ్లను అడగాలి, వాళ్లు తలెత్తి బోర్డు చూసి చెప్పాలి. ఈలోపు బస్సు కదలకుండా ఉండాలి.

ఇక్కడ ఫోన్‌లో లోపమేమీ లేదు. బస్సు తన పేరు అక్షరాల్లో రాసుకుంది తప్ప ఫోన్‌కు అర్థమయ్యే రూపంలో ఎక్కడా చెప్పడం లేదు. చూపు లేనివారికి సాయపడే టెక్నాలజీ గురించి మాట్లాడేటప్పుడు అందరూ కొత్త యాప్‌ల గురించే చెబుతారు. ఉత్తర తెలంగాణలో ఒక మామూలు రోజును దగ్గరగా గమనిస్తే అసలు చిక్కు ఇంకోచోట కనిపిస్తుంది. ఫోన్ ఇప్పటికే చాలా దూరం వచ్చింది. అది కలవాల్సిన బస్సు, బ్యాంకు యాప్, ప్రశ్నపత్రం, మందుల డబ్బా, సర్కారు వెబ్‌సైట్ ఇంకా అంత దూరం రాలేదు.

ముందు ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో చూపు లోపం ఉన్నట్టు నమోదైనవారు 50 లక్షల పైచిలుకు. వీళ్లలో పుట్టుకతో చూపు లేనివారు కొందరే. 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్లు దాటినవారి అంధత్వానికి కారణం మూడింట రెండొంతుల మందిలో కంటిశుక్లమని తేలింది. దానికి ఆపరేషన్ ఉంది. వరంగల్‌లో ప్రాంతీయ నేత్ర వైద్యశాల, నిర్మల్ జిల్లా ముధోల్‌లో ఎల్‌వీ ప్రసాద్ సంస్థ కంటి ఆస్పత్రి ఉన్నాయి. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాలు ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు పంచాయి. అయితే నీటికాసుల జబ్బు (గ్లకోమా)తోనో, షుగర్ ముదిరి రెటీనా దెబ్బతినో నలభై, యాభై ఏళ్ల వయసులో చూపు పోయినవారికి పోయిన చూపు తిరిగి రాదు. ఆ వయసులో బ్రెయిలీ చుక్కలు వేళ్లకు పట్టుబడటం చాలా కష్టం. షుగర్ ఉన్నవారిలో కొందరికి వేళ్ల కొసల స్పర్శ కూడా తగ్గుతుంది. ఇలాంటివారికి చదువూ రాతా అంటే ఇక ఫోన్ గొంతే. తెలుగులో ఆ గొంతు ఎంత బాగుంటే వాళ్ల బతుకు అంత తేలిక.

ఈ గొంతు వెనక చిన్న చరిత్ర ఉంది. పాత కీప్యాడ్ ఫోన్‌లో 5 అంకె మీద చిన్న బొడిపె ఉండేది. బొటనవేలు దాని మీద పెడితే మిగతా అంకెలన్నీ ఎక్కడున్నాయో తెలిసిపోయేది. టచ్ ఫోన్లు వచ్చాక ఆ బొడిపె పోయి, నున్నటి అద్దం మిగిలింది. చూపు లేనివారిని ఫోన్ వదిలేసిందనే అప్పట్లో చాలామంది అనుకున్నారు. 2009లో పరిస్థితి మారింది. స్క్రీన్ మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఆ ఏడాదే వచ్చాయి. ఆండ్రాయిడ్ వైపు ఈ పనికి ముందున్నవారిలో ఒకరు టీ.వీ. రామన్. పుణెలో పుట్టి, 14 ఏళ్ల వయసులో నీటికాసులతో చూపు పోగొట్టుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త ఆయన. గూగుల్‌లో ఆయన బృందం ఒక మంచి ఉపాయం చేసింది. అద్దం మీద వేలు ఎక్కడ పెడితే అక్కడే 5 అవుతుంది, అక్కడి నుంచి పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8. బొడిపె పోయినచోట వేలే బొడిపె అయింది. చూపు లేనివారి కోసం చూపు ఉన్నవాళ్లు ఊహించి చేసినవాటికీ, అవసరం ఉన్నవాళ్లే చేసుకున్నవాటికీ తేడా ఇలాంటి చోట బయటపడుతుంది.

ఇవాళ టాక్‌బ్యాక్‌కు విడిగా పైసలు కట్టనక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌తోపాటే వస్తుంది. వేలు జరిపిన చోట ఏముందో చదువుతుంది, రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. తెలుగు గొంతు ఉంది. 2017 నుంచి గూగుల్ కీబోర్డులో తెలుగులో మాట్లాడితే టైప్ అవుతోంది. కంప్యూటర్ ఉన్నవారికి ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపు లేని యువకులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంది, అదీ ఉచితమే.

ఇన్ని ఉన్నా తెలుగు చదువు ఎక్కడ ఆగిపోతోందో చూడాలి. ముందుగా చెప్పుకోవాల్సింది ఫాంట్ల గురించి. ప్రతి భాష అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే అంతర్జాతీయ పద్ధతి యూనికోడ్. తెలుగు అక్షరాలకు అందులో 1991 నుంచే చోటుంది. అయినా హన్మకొండలో ఏ డీటీపీ సెంటర్‌కు వెళ్లినా ఇప్పటికీ అను, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లలోనే పని జరగడం చూడొచ్చు. శుభలేఖ మొదలుకొని కోచింగ్ మెటీరియల్ వరకు అందులోనే తయారవుతాయి. కాగితం మీదికి వచ్చాక తేడా ఏమీ తెలియదు. అదే ఫైలు ఫోన్‌లో తెరిస్తే టాక్‌బ్యాక్ ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు చదువుతుంది. ఎందుకంటే ఆ ఫైలు లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగులా కనిపించేటట్టు బొమ్మ మార్చిన ఇంగ్లిష్ కోడ్‌లు. గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న చూపు లేని అభ్యర్థికి స్నేహితులు ప్రేమగా పంపిన 300 పేజీల పీడీఎఫ్ అలా పనికిరాకుండా పోతుంది. యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కాబట్టి ప్రచురణకర్తలు, కోచింగ్ సెంటర్లు అదే ఫైలును యూనికోడ్‌లో కూడా ఉంచడానికి ఒక పూట పని చాలు.

ఇక స్కాన్ చేసిన జీవోలు, నోటీసు బోర్డు ఫొటోలు. అచ్చు అక్షరాలైతే గూగుల్ లెన్స్ లాంటివి ఫొటోలోంచి తెలుగును బాగానే లాగుతున్నాయి. కానీ మన లిపిలో వత్తులు కింద చిన్నగా, పక్కన ఇరుగ్గా ఉంటాయి. ఫొటో కాస్త వంకరగా ఉంటే మొదట పోయేవి అవే. 'పరీక్ష రద్దు' అన్న వార్తలో ద వత్తు ఎగిరిపోతే వినేవారికి ఏం జరిగిందో అంతుపట్టదు. చేతిరాత నోట్స్ అయితే మరీ కష్టం.

వాట్సాప్‌లో ఇంకో చిక్కు ఉంది. 'ఎక్కడున్నవ్, బస్సు ఎక్కినవా' అని మనలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. తెలుగు గొంతుకు అది తెలుగని తెలియదు, ఇంగ్లిష్ గొంతుకు అది ఇంగ్లిష్ కాదని తెలియదు. వినేవారు రెండు, మూడుసార్లు విని ఊహించుకోవాలి. ఊరి వాట్సాప్ గ్రూపులో 'రేపు కరెంటు ఉండదు' అన్న మాటను రంగురంగుల ఫొటోగా పెడితే చూపు లేని సభ్యుడికి వినిపించేది 'ఫొటో' అన్న ఒక్క మాటే. ఆ ఫొటో కింద ఒక లైన్ టైప్ చేస్తే సరిపోతుంది. దీనికి ఏ కంపెనీ సాయం, ఏ బడ్జెట్ అవసరం లేదు.

పుస్తకాల విషయంలో మాత్రం చట్టం ముందుంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం వికలాంగుల కోసం పుస్తకాన్ని ఆడియోగానో, స్క్రీన్ రీడర్ చదివే రూపంలోనో లాభాపేక్ష లేకుండా మార్చుకోవడానికి హక్కుదారు అనుమతి అక్కర్లేదు. ఇదే లక్ష్యంతో కుదిరిన మర్రకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ పేరుతో ఆన్‌లైన్ లైబ్రరీ కూడా మొదలైంది. అందులో తెలుగు అల్మారా నిండాలంటే యూనికోడ్ ఫైళ్లు కావాలి. మళ్లీ సమస్య ఆ డీటీపీ సెంటర్ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

నోటు, సౌండ్‌బాక్స్, పిన్ నంబర్

డబ్బు విషయం దగ్గరగా చూస్తే టెక్నాలజీ మేలు, దాని హద్దు రెండూ ఒకేచోట కనిపిస్తాయి. ఇప్పటి వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, అయిదు వందలది 150. మూడింటి వెడల్పూ 66. అంటే వందకూ రెండు వందలకూ తేడా నాలుగు మిల్లీమీటర్లే. రెండు నోట్లు పక్కపక్కన పెట్టి కొలిస్తే తెలుస్తుంది. కిరాణం కొట్టు ముందు హడావిడిలో ఒక్క నోటే చేతిలో పెడితే తెలియడం కష్టం. అంచుల్లో ఉబ్బెత్తు గీతలు ఉన్నాయి: వంద నోటుకు నాలుగు, రెండు వందలకు నాలుగు గీతలు, మధ్యలో రెండు చిన్న వృత్తాలు, అయిదు వందలకు అయిదు గీతలు. కొత్త నోటులో వేలికి తగులుతాయి. ఎనుమాముల మార్కెట్‌లో పది చేతులు మారి, చెమటకు నానిన నోటులో అవి అరిగిపోయి ఉంటాయి.

దీనికోసమే రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరి 1న మణి అనే యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే విలువ పలుకుతుంది, సగానికి మడిచిన నోటునూ గుర్తుపడుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మొదట హిందీ, ఇంగ్లిష్‌లోనే ఉండేది, తర్వాత తెలుగుతో సహా మరికొన్ని భాషలు చేరాయి. నోటు అసలుదా, నకిలీదా అన్నది మాత్రం అది చెప్పదు. ఆ సంగతి రిజర్వ్ బ్యాంకే స్పష్టంగా చెప్పింది, వాడేవారు గుర్తుంచుకోవాలి.

అయితే నిజంగా ఎక్కువ మార్పు తెచ్చింది చూపు లేనివారి కోసం తయారు కాని ఒక వస్తువు. చాయ్ బండి మీద కూడా కనిపించే ఆ చిన్న సౌండ్‌బాక్స్. 'ఇరవై రూపాయలు అందాయి' అని అది పైకి చెప్పగానే కొన్నవారికీ అమ్మినవారికీ ఒకేసారి తెలుస్తుంది. స్క్రీన్ చూపించి 'పైసలు కొట్టిన' అని నమ్మించడానికి వీల్లేదు. చూపు లేని వ్యక్తి చిన్న దుకాణం పెట్టుకోవాలంటే ఇంతకుముందు గల్లా దగ్గర నమ్మకమైన మనిషి ఒకరు ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ భయం చాలా తగ్గింది. అందరి కోసం చేసిన వస్తువు శబ్దంతోనూ పనిచేసేలా ఉంటే, ప్రత్యేక పరికరం కన్నా అదే ఎక్కువ ఉపయోగపడుతుందనడానికి ఇంతకన్నా మంచి రుజువు దొరకదు.

చెల్లింపు చేసేవైపు కష్టాలు ఇంకా ఉన్నాయి. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ ఎక్కడుందో తెలియకుండా కెమెరా దానివైపు తిప్పడం కష్టం. ఫోన్ నంబర్‌కు పంపడం తేలిక, పంపేముందు ఫోన్ అవతలివారి పేరు చదువుతుంది కనుక పొరపాటు కూడా తెలిసిపోతుంది. ఆ తర్వాత పిన్. వేలు జరుపుతుంటే ఫోన్ అంకెలను పైకి చదివితే పక్కన నిలబడ్డవాళ్లందరికీ పిన్ తెలిసిపోతుంది, అందుకే ఇయర్‌ఫోన్ తప్పనిసరి. నెమ్మదిగా నాలుగు అంకెలూ వెతికి కొట్టేలోపు టైమ్ అయిపోయి మళ్లీ మొదటికి రావడం కూడా మామూలే. ఇంకా చిరాకు పెట్టేది పేరు లేని బటన్. యాప్ చేసినవాళ్లు బటన్‌కు బొమ్మ పెట్టి పేరు రాయకపోతే టాక్‌బ్యాక్ 'అన్‌లేబుల్డ్ బటన్' అంటుంది. అలాంటివి వరుసగా అయిదు ఉంటే ఏది 'పంపు', ఏది 'రద్దు' అన్నది గుడ్డిగా ఊహించి నొక్కాలి. డబ్బు విషయంలో ఎవరికైనా ఇది టెన్షనే. ప్రతి బటన్‌కూ ప్రోగ్రామర్ రాయాల్సింది ఒక్క లైన్. అది రాసిన యాప్ కూడా ఒక్కోసారి కొత్త అప్‌డేట్‌తో మళ్లీ మొదటికి వస్తుంది, ఎందుకంటే విడుదలకు ముందు టాక్‌బ్యాక్ ఆన్ చేసి చూసేవాళ్లు తక్కువ. కీప్యాడ్ ఫోన్ ఉన్నవారికి 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే ఉంది. కాల్ చేసి, చెప్పినట్టు అంకెలు నొక్కి డబ్బు పంపవచ్చు. స్క్రీన్‌తో పనే లేని ఈ పద్ధతి గురించి ఊళ్లలో తెలిసినవారు తక్కువ.

అయిదు మీటర్ల తేడా

దారి చూపే యాప్‌ల మీద ఆశ ఎక్కువ, అందుకే జాగ్రత్తా ఎక్కువ కావాలి. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్ దాదాపు అయిదు మీటర్ల అటూఇటూగానే చెబుతుంది. కారులో పోయేవారికి అది లెక్కలోకి రాదు. హన్మకొండ చౌరస్తాలో నడిచేవారికి అయిదు మీటర్లంటే ఫుట్‌పాత్‌కూ నడిరోడ్డుకూ ఉన్న తేడా, మూసి ఉన్న నాలాకూ తెరిచి ఉన్న నాలాకూ ఉన్న తేడా. 'గమ్యం చేరుకున్నారు' అని ఫోన్ చెప్పాక మిగిలే ఆ పది అడుగులే అన్నిటికన్నా కష్టమైనవి. అక్కడ పనికొచ్చేది తెల్లకర్ర కొస. అంచు ఎక్కడ దిగిందో, నేల ఎక్కడ మారిందో చెప్పేది అదే. కొత్త ఫోన్ చేతికొచ్చింది కదా అని కర్ర వదిలేయమనే సలహా ఎవరిచ్చినా అది ప్రమాదకరమైన సలహా.

కర్రకు దొరకనివీ ఉన్నాయి: రోడ్డు మీదికి వంగిన ఫ్లెక్సీ కట్టెలు, హోటల్ ముందు దించిన రేకు, ఆగి ఉన్న ట్రాలీలోంచి బయటికొచ్చిన ఇనుప కడ్డీలు. ఢిల్లీ ఐఐటీ బృందం తయారుచేసి 2014లో విడుదల చేసిన స్మార్ట్‌కేన్ వీటి కోసమే. కర్ర పిడికి అమర్చిన ఆ పరికరం మనిషికి వినపడని శబ్ద తరంగాలు పంపి, మూడు మీటర్ల లోపు మోకాలి కన్నా ఎత్తులో అడ్డు ఏదైనా ఉంటే పిడిలో వణుకు పుట్టిస్తుంది. చెవికి పని పెట్టదు, అది పెద్ద మేలు.

బస్సుకూ ఆ బృందం దగ్గర జవాబుంది. ఆన్‌బోర్డ్ అనే ఆ పద్ధతిలో ప్రయాణికుడి చేతిలో చిన్న పరికరం, బస్సులో ఇంకొకటి ఉంటాయి. బటన్ నొక్కితే దగ్గర్లో ఉన్న బస్సుల రూట్ నంబర్లు వినిపిస్తాయి. కావలసినది ఎంచుకోగానే ఆ బస్సు తలుపు దగ్గర స్పీకర్ మోగుతుంది. ఆ శబ్దం పట్టుకుని నడిస్తే నేరుగా మెట్టు దగ్గరికి చేరతారు. ఢిల్లీ, ముంబై బస్సుల్లో దీన్ని పరీక్షించారు. మన ఆర్టీసీ 2023 ఆగస్టులో గమ్యం యాప్ తెచ్చింది, బస్సు రోడ్డు మీద ఎక్కడుందో అది చెబుతుంది. బస్టాండ్‌లో పక్కపక్కన ఆగిన నాలుగింటిలో మనది ఏదన్నదే మిగిలిన ప్రశ్న. కాజీపేట, హన్మకొండ, వరంగల్ మధ్య తిరిగే సిటీ బస్సుల్లో ఒక్క రూట్‌లో బయటికి వినిపించే స్పీకర్ పెట్టి, ఆగిన ప్రతిచోటా రూటు పలికిస్తే ఎంత తేడా వస్తుందో ఆరు నెలల్లో తెలిసిపోతుంది. చదువు రాని పెద్దలకు, ఊరికి కొత్తగా వచ్చినవారికి కూడా అది పనికొస్తుంది.

ఈ విషయంలో రైల్వే మెరుగు. కాజీపేట జంక్షన్‌లో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో మైకులో చెబుతారు, కొత్త బోగీల్లో సీటు నంబర్లు బ్రెయిలీలోనూ ఉంటున్నాయి. బోగీ ఎక్కడ ఆగుతుందన్నది మాత్రం ఇంకా వెలిగే బోర్డు మీదే ఉంటుంది.

మ్యాప్‌ల సంగతి ఒకటి చెప్పాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా తమ వీధి వివరాలు చేర్చవచ్చు: ఫుట్‌పాత్ ఉందా, అంచు ఎత్తెంత, కాలికి తగిలే గీతల పలకలు ఉన్నాయా అన్నవి రాసుకోవడానికి అందులో వీలుంది. వరంగల్‌లో నిట్ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, ప్రాజెక్టు కోసం టాపిక్ వెతుక్కునే విద్యార్థులు ఏటా వేలల్లో ఉంటారు. సుబేదారి నుంచి చౌరస్తా దాకా, నయీంనగర్ నుంచి బస్టాండ్ దాకా ఫుట్‌పాత్‌లను కొలిచి ఎక్కిస్తే అది ఏ యాప్‌కైనా పనికొచ్చే సరుకు. సెన్సర్ కళ్లద్దాల నమూనా చేసి ప్రదర్శనలో పెట్టి మర్చిపోవడం కన్నా ఇది పదిరెట్లు మేలైన పని.

సిగ్నల్ పోతే ఏది మిగులుతుంది

ఈ సాధనాలను ఇంటర్నెట్ ఉంటేనే పనిచేసేవి, లేకపోయినా పనిచేసేవి అని విడదీసి చూడటం ఉత్తర తెలంగాణలో చాలా ముఖ్యం. తెలుగు గొంతును ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే టాక్‌బ్యాక్ అడవిలోనూ చదువుతుంది. మణి యాప్ పనిచేస్తుంది. వీడియో కాల్ సాయం, యూపీఐ, బస్సు ఎక్కడుందో చూడటం ఆగిపోతాయి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారుల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు లక్షల మంది ఒక్కచోట చేరినప్పుడు ఫుల్ సిగ్నల్ చూపిస్తున్నా కాల్ కలవదు. తప్పిపోతే ఫోన్ చేద్దామన్న ధైర్యం అక్కడ చాలదు. కలవాల్సిన చోటు ముందే మాట్లాడుకోవాలి, జేబులో కాగితం మీద నంబర్ ఉండాలి.

వీడియో కాల్ సాయానికి పేరుపడ్డది బీ మై ఐస్. డెన్మార్క్‌లో చూపు లోపం ఉన్న ఒక వ్యక్తి ఆలోచనతో 2015లో మొదలైంది. బటన్ నొక్కితే మన భాష తెలిసిన వాలంటీర్ ఎవరో ఒకరు కాల్‌లోకి వచ్చి, మన కెమెరా చూసి 'ఇది నీలం చొక్కా', 'పాల ప్యాకెట్ డేట్ నిన్నటితో అయిపోయింది' అని చెబుతారు. సాయం కోరేవారి కన్నా చేస్తామని నమోదైనవారు చాలా రెట్లు ఎక్కువ, మంచితనానికి కొరత లేదని అర్థం. 2023 నుంచి ఇదే యాప్‌లో మనిషి బదులు ఏఐ కూడా ఫొటో చూసి వివరిస్తోంది. టాక్‌బ్యాక్‌లోనూ ఇప్పుడు అలాంటి సౌకర్యం చేరింది. పెళ్లి ఫొటోలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో అడిగి తెలుసుకోవడం ఇన్నాళ్లూ లేని ఆనందం, దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

కానీ ఏఐకి ఒక చెడ్డ అలవాటుంది. తెలియనిది కూడా తెలిసినట్టే అదే గొంతుతో చెబుతుంది. చొక్కా రంగు తప్పు చెబితే పోయేదేం లేదు. బీపీ గోళీ బదులు షుగర్ గోళీ అంటే ప్రాణం మీదికి వస్తుంది. మందుల విషయంలో నమ్మదగిన దారి ఇంకొకటి తయారై ఉంది. 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ ఉండాలని కేంద్రం తప్పనిసరి చేసింది. పేరు, బ్యాచ్, గడువు తేదీ అందులో ఉంటాయి. నకిలీ మందులు పట్టుకోవడానికి పెట్టిన నిబంధన ఇది. స్కాన్ చేస్తే వచ్చేది ఊహ కాదు, కంపెనీ రాసిన వివరం, దాన్ని ఫోన్ పైకి చదవగలదు. ఆ పట్టికను అన్ని మందులకూ విస్తరించి, కోడ్ ఉన్న చోట వేలికి తగిలే గుర్తు పెడితే ఒంటరిగా ఉండే పెద్దవారికి రోజూ ఒక భయం తప్పుతుంది.

చట్టం ఏమంటోంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం సేవలు అందరికీ అందుబాటులో ఉండాలంది. నిబంధనలు మాత్రం సలహాలుగానే మిగిలాయి. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను ఎత్తిచూపి, తప్పనిసరి ప్రమాణాలు రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు దేశవ్యాప్త పరిస్థితిని అధ్యయనం చేసి నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రం. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు వచ్చింది. బ్యాంకు ఖాతాకూ సిమ్‌కూ ఫోన్‌లో కేవైసీ చేసేటప్పుడు 'కళ్లు ఆర్పండి', 'ముఖం గీతలోకి తీసుకురండి' అంటారు. యాసిడ్ దాడి బాధితులకు, చూపు లేనివారికి అది ఎలా సాధ్యం? డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పి, వేరే దారి చూపాలంటూ 20 ఆదేశాలిచ్చింది. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ కూడా 2021 నవంబర్ నుంచి ముఖం చూపించి ఇచ్చే వీలుంది కనుక ఈ తీర్పు ప్రభావం మన ఊళ్ల దాకా రావాలి. బ్యాంకు కౌంటర్‌లో 'మీరు ఎవరినైనా తోడు తెచ్చుకోండి' అని ఎవరైనా అంటే, ఆ తీర్పు గురించి చెప్పి నిలదీయవచ్చు.

ఇక ఫోన్ చేతికొచ్చాక నేర్పేదెవరన్న ప్రశ్న. వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే కేంద్రం ఏడీఐపీ పథకం కింద, రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ ద్వారా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పంచుతున్నారు. పంపిణీ రోజు ఫొటోలు దిగుతారు. మర్నాటి నుంచి ఇంట్లో మొదలయ్యే కథ వేరు. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉన్న ఫోన్‌ను చూపు ఉన్నవాళ్లు వాడలేరు, ఒకసారి తాకితే తెరుచుకోదు, రెండుసార్లు తట్టాలి. ఇంట్లోవాళ్లు ఫోన్ చెడిపోయిందనుకుని మొబైల్ షాప్‌కు తీసుకెళ్తారు. షాపు అతను ఫోన్‌ను మొత్తం రీసెట్ చేసి 'బాగైంది' అని ఇస్తాడు. గొంతు పోతుంది, సేవ్ చేసుకున్నవీ పోతాయి. చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ మూడు సెకన్లు నొక్కిపడితే టాక్‌బ్యాక్ ఆన్, ఆఫ్ అవుతుంది. ఈ ఒక్క ముక్క ఇంట్లోవాళ్లకు తెలిస్తే ఆ రీసెట్ అవసరమే ఉండదు.

నేర్పడానికి అందరికన్నా తగినవారు ఇప్పటికే రోజూ వాడుతున్న చూపు లేని యువతీ యువకులే. ఏ వేలి సైగ ఎక్కడ తడబడుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం కొత్తగా చూపు పోయినవారు ప్రభుత్వ ఆస్పత్రికి ఎలాగూ వస్తారు. ఆ క్యాంపు జరిగే గది బయటే ఒక బల్ల వేసి, జీతమిచ్చి ఇద్దరు శిక్షకులను కూర్చోబెట్టవచ్చు. వచ్చినవారి ఫోన్‌లో తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేసి, కాల్ ఎత్తడం, కాల్ చేయడం, మెసేజ్ వినడం వాళ్ల వేళ్లతోనే చేయించి, తోడు వచ్చిన కొడుక్కో కోడలికో ఆ వాల్యూమ్ బటన్ల సంగతి చెప్పి పంపాలి. వారం తర్వాత ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చేసి అడగడానికి ఆ శిక్షకుల నంబర్ కూడా ఆ రోజే వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి.